మేడత్త గదికి నాలుగో వైపు

మేడత్త చచ్చిపోయిందని చెప్పినా ఆ పెద్దావిడ అంత నిర్ఘాంతపోయేది కాదేమో. మేడత్త అంటే మీ కోడలేనని చెప్పేసరికి మాత్రం చేతిలోని కాఫీ కప్పుని సాసరులో కాకుండా పబ్లిషరుగారి బల్ల మీదున్న ప్రూఫుల మీద పెట్టేసింది.

“ఏ మేడత్త?” అంది.

ఉన్నది ఒక్క మేడత్తే. తొమ్మిదేళ్లుగా రోజూ సాయంత్రం ఏడింటికి టీవీ సీరియల్లో కనిపించే ముసలావిడ. మేడ మీద గదిలో ఒంటరిగా ఉంటుంది, డిటెక్టివ్ నవలలు రాస్తుంది, కింద వాటాల్లో ఏం జరిగినా పైనుంచే కనిపెట్టేస్తుంది. సీరియల్లో ఆవిడ రాసినట్టు చూపించే నవలల్ని నిజంగానే అచ్చువేస్తే ఎలా ఉంటుందని అయిదేళ్ల కిందట ఈ పబ్లిషరుకి తట్టింది. అట్ట మీద ‘రచన: మేడత్త’ అని ఉంటుంది. వెనకవైపు మేడత్త ఫొటో, ఆవిడ జీవిత విశేషాలు, పుట్టినరోజుతో సహా. లేని మనిషికి ప్రతి ఏడూ వందల కొద్దీ శుభాకాంక్షలు వస్తుంటాయి. ఇప్పటికి పదకొండు నవలలు వచ్చాయి. పన్నెండోది సగం దాటింది.

పెద్దావిడ వెంట వచ్చిన డిటెక్టివ్ అడిగిన మీదట పబ్లిషరు మేడత్తని ముక్కలుగా విడదీసి చూపించాడు. మొహం ఒక నటిది. ఆమెకి ఈ భాష చదవడం రాదు కాబట్టి కెమెరా పక్కన కూర్చుని ప్రాంప్టరు ఒక్కో మాటా అందిస్తుంటే పెదవులు కదుపుతుంది. గొంతు డబ్బింగు చెప్పే ఇంకొకావిడది. నవలలు రాసే చెయ్యి మాత్రం ఈ పెద్దావిడ కోడలిది. ఆ సంగతి పబ్లిషరుకి తప్ప ఎవరికీ తెలియకూడదని ఒప్పందం.

“మధ్యాహ్నం నేను నడుం వాల్చినప్పుడు వాళ్లమ్మకి ఉత్తరం రాస్తోందనుకున్నానమ్మా,” అంది పెద్దావిడ డిటెక్టివ్‌తో. “అంత పెద్ద ఉత్తరాలెందుకా అని ఒకట్రెండు సార్లు అనుకున్నాను కూడా.” గొంతు తగ్గించింది. “ఆదివారం పాలు పొంగిపోయాయి. మేడత్తని చూసి నేర్చుకో, ఆ వయసులో కూడా ఎంత ఒంటి మీద స్పృహో అన్నాను. ఏమీ అనలేదు. నవ్వింది.”

సోమవారం ఉదయం పది ఇరవైకి ఆ కోడలు లైబ్రరీ పుస్తకాలు ఇచ్చొస్తానని బయల్దేరింది. పన్నెండుంపావు నుంచి ఫోను పనిచెయ్యడం లేదు. ఇవాళ గురువారం. కొడుకు ఓడ మీద ఉద్యోగంలో ఉన్నాడు, ఒడ్డుకి రావడానికి ఇంకా నెల పడుతుంది. పోలీసులు రెండు రోజులు చూద్దామన్నారు. అందుకని పెద్దావిడ డిటెక్టివ్ ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. వెతుక్కోవలసే వచ్చింది, ఎందుకంటే డిటెక్టివ్ ఇంటికి బోర్డు లేదు. పెడితే పక్కింటివాళ్లు పోయిన చెంచాలు కూడా వెతికిపెట్టమంటారని ఆమె భయం. కోడలి బీరువాలో, చీరల కింద, ఈ పబ్లిషరు ప్రెస్సు పేరు అచ్చు వేసిన కవర్లు దొరికాయి. ఇద్దరూ ఇక్కడికి వచ్చేసరికి పదకొండూ పది.

సోమవారం ఆమె ఇక్కడికి వచ్చిందా అని డిటెక్టివ్ అడిగింది. రాలేదన్నాడు పబ్లిషరు. వస్తుందని అనుకున్నాడా అంటే అనుకోలేదన్నాడు. మరి అధ్యాయాలు ఎలా అందుతున్నాయంటే, సొరుగులోంచి రెండు కవర్లు తీసి చూపించాడు. పదిహేను అధ్యాయాలు కిందటి వారానికే వచ్చేశాయి. పదహారోది మంగళవారం, పదిహేడోది బుధవారం వచ్చాయి. రెండూ కింద గేటు దగ్గరి పెట్టెలోనే, భోజనాల వేళ, ఒంటిగంటకీ రెండింటికీ మధ్య. చేతిరాత ఆమెదే. అందుకే తనకి అనుమానం రాలేదన్నాడు.

పెద్దావిడ ఆ కాగితాలు లాక్కున్నంత పని చేసి, కళ్లజోడు తుడుచుకుని చదవడం మొదలుపెట్టింది. కోడలు కనిపించక నాలుగు రోజులవుతున్నా, మేడత్త కొత్త నవల చేతికందేసరికి ఆమె ఆగలేకపోయింది. అందుకు సిగ్గుపడింది కూడా. అయినా చదువుతూనే ఉంది.

డిటెక్టివ్ ఈలోగా పబ్లిషరు వెనక అల్మైరా చూస్తోంది. కొత్త పుస్తకాల మధ్య రెండు పాతవి, అట్టలు అరిగినవి, వెన్ను మీద లైబ్రరీ నంబరు చీటీలు అంటించినవి. ఒకటి తీసి లోపలి ముద్ర చూసింది. సోమవారం తిరిగివ్వాల్సిన తేదీ.

“సోమవారం ఎవరూ రాలేదన్నారు,” అంది.

పబ్లిషరు మొహం కాగితంలా పాలిపోయింది. కాగితం ఆయన వ్యాపారమే కాబట్టి ఎంత తెల్లబడాలో బాగా తెలిసినట్టుంది. నెమ్మదిగా నిజం బయటికొచ్చింది. పదకొండూ అయిదుకి వచ్చిందట. మేడత్త పేరున వచ్చే పాఠకుల ఉత్తరాలు షూటింగు వాళ్లు సంచిలో వేసి పంపుతారు, తను వాటిని కోడలికి చేరవేస్తాడు. కిందటి వారం సంచిలోని ఒక కవరు పట్టుకుని, దీని మీద పోస్టాఫీసు ముద్ర లేదేమిటి, ఇది ఎక్కడ కలిసింది అని అడిగిందట. తనకేం తెలుసు, షూటింగు ఫ్లోరులోనే ఎవరో కలిపి ఉంటారన్నాడు. పదకొండున్నరకి లేచి వెళ్లింది. బరువని పుస్తకాలు ఇక్కడే వదిలేసింది. ఒప్పందం బయటపడుతుందని ఇన్నాళ్లూ నోరు విప్పలేదు.

“మరునాడు అధ్యాయం వచ్చేసిందండీ. ఇంకెందుకులే అనుకున్నాను,” అన్నాడు.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని ఇన్‌స్పెక్టరు లోపలికి వచ్చాడు. ఈయన డిటెక్టివ్‌కి స్వయానా మరిది. ఇంట్లో వదిన చేతి కాఫీ పడందే మంచం దిగని మనిషి, కేసుల దగ్గర మాత్రం ఆమెని ‘ఆ ప్రైవేటు వ్యక్తి’ అంటాడు. కాఫీకి చెప్పొస్తానని లేచినప్పుడు పబ్లిషరే ఆయనకి ఫోను చేసి సంగతంతా చెప్పి ఉంటాడు. రెండు కవర్లూ చేత్తో ఊపి, మీది రాత చూసి, కూర్చోకుండానే తీర్పు చెప్పేశాడు.

“వదినా, మనిషి బతికుంది, కూర్చుని రాస్తోంది, పెట్టెలో వేసి పోతోంది. రాత ఎక్కడా వణకలేదు. ఇంట్లో పోరు పడలేక ఎక్కడో గది తీసుకుంది. దీనికి డిటెక్టివెందుకు? సర్దిచెప్పే పెద్దమనిషి ఒకరుంటే చాలు.”

“ఇంటికి ఒక్క ఫోను చెయ్యలేని మనిషి ప్రెస్సుకి రోజుకో అధ్యాయం పంపుతుందా?”

“రచయితలు అంతే.”

“ఎంతమంది రచయితలు తెలుసు బాబూ నీకు? నువ్వు రాసే రిపోర్టులు కాకుండా.”

పబ్లిషరు నవ్వబోయి, యూనిఫాం చూసి దగ్గుగా మార్చుకున్నాడు. ఇన్‌స్పెక్టరు మొహం గంటు పెట్టుకుని కిటికీ వైపు తిరిగాడు. డిటెక్టివ్ రెండో పుస్తకం తీసి పేజీలు జారవిడిచింది. మధ్యలోంచి నాలుగు మడతల కాగితం ఒకటి బల్ల మీద పడింది. పుస్తకాలు మూడు రోజులుగా పబ్లిషరు వెనకే ఉన్నాయి, ఆయన ఒక్కటీ తెరవలేదు. అచ్చువేసేవాడికి చదివే తీరిక ఉండదు కదా.

కాగితం మీద పెద్ద పెద్ద అక్షరాలు, దూరం నుంచి చదవడానికి రాసినట్టు.

‘మేడత్తగారికి. మీ ఆరో నవల చదివాను. అందులో ఎత్తున వేలాడే చెక్కకి కట్టిన తాడు గురించి రాశారు. నేనూ అలాగే చేశాను. రెండేళ్లయింది. లైటు మేస్త్రీ పడ్డాడు. ప్రమాదమని పోలీసులే తేల్చారు. కానీ ఎవరికీ చెప్పకపోతే నాకు నిద్ర పట్టడం లేదు. మనుషులకి చెబితే ఉరి తీస్తారు. మీరు లేరు కాబట్టి మీకు చెబుతున్నాను.’

పెద్దావిడ చదువుతున్న పేజీలోంచి తలెత్తలేదు. లేని మనిషికి రాశాననుకున్న మాటని ఒక ఇల్లాలు మధ్యాహ్నం వంటింట్లో కూర్చుని చదివింది. తను ఊహించి రాసిన చావు ఒకడి ప్రాణం తీసిందని తెలుసుకుంది. పాలు ఎందుకు పొంగిపోయాయో డిటెక్టివ్‌కి అర్థమైంది.

ఇన్‌స్పెక్టరు ఉత్తరాన్ని రెండుసార్లు చదివాడు. మూడోసారి చదువుతున్నట్టు నటించాడు.

“రెండేళ్ల కిందట షూటింగులో పడిపోయిన లైటు మేస్త్రీ,” అంది డిటెక్టివ్. “ఆ ఫైలు నీదే కదూ? నలభై నిమిషాల్లో తేల్చేశానని ఇంటికొచ్చి గొప్పగా చెప్పావు.”

“తాడు పాతది వదినా.”

“తాడెవరు చూపించారు?”

ఇన్‌స్పెక్టరు ఉత్తరాన్ని మళ్లీ మడతపెట్టాడు. ఆమెకి కావలసింది దొరికింది. కోడలు ఉత్తరం పుస్తకంలో దాచి, ఖాళీ కవరు పట్టుకుని షూటింగు జరిగే చోటికి వెళ్లింది. రాసినవాడు ఆమెని చూశాడు. మేడత్త ఉందని, చదివిందని, నడిచి తన దగ్గరికే వచ్చిందని వాడికి తెలిసిపోయింది. అధ్యాయాలు వస్తున్నంతకాలం ఎవరూ వెతకరు కాబట్టి ఆమె చేత రాయిస్తున్నాడు. మేడత్త నవలలన్నీ సరిగ్గా ఇరవై అధ్యాయాలని పబ్లిషరు ఒప్పుకున్నాడు. మధ్యాహ్నానికి పద్దెనిమిదోది వస్తుంది. ఆ తర్వాత రెండే.

కానీ ఎక్కడ పెట్టాడు? ఇన్‌స్పెక్టరు లెక్కలో ఆ షూటింగు ఆవరణలో ఫ్లోర్లనే షూటింగు షెడ్లు పదకొండు, గోడౌన్లు నలభై. అన్నీ వెతకాలంటే వారెంటు కావాలి, రెండు రోజులు పడుతుంది.

“ఈ అధ్యాయం తప్పమ్మా,” అంది పెద్దావిడ హఠాత్తుగా.

అందరూ ఆమె వైపు తిరిగారు. వేలితో ఒక వాక్యం పట్టుకుని కూర్చుంది.

“ఇక్కడ చూడు. ‘మేడత్త రాస్తూ రాస్తూ తలెత్తింది. ఎదురుగా నల్లగుడ్డ. గుడ్డ మీద తెల్లరంగు ఏడు అంకె. దాని ముందు ఎత్తు స్టూలు’ అట. పదిహేడోదాంట్లో కూడా ఉంది ఆ స్టూలు. మేడత్తకి ఎడంపక్క కిటికీ, కుడిపక్క పుస్తకాల బీరువా, వెనకాల మెట్ల తలుపు. ఎదురుగా ఏమీ ఉండదు.”

“ఎందుకుండదు?” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“ఎదురుగా మనం కదా ఉండేది,” అంది పెద్దావిడ, ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు.

సెట్టుకి మూడు గోడలే. నాలుగో వైపు కెమెరా ఉంటుంది. కోడలు పదకొండు నవలలూ టీవీ చూసే రాసింది. ఆమె మేడత్త ఏనాడూ ఎదుటికి చూడలేదు, ఆ వైపు నడవలేదు. ఇప్పుడు చూస్తోందంటే ఆమె కూర్చున్నది మేడత్త కుర్చీలోనే. పంపే ముందు వాడు ప్రతి పేజీ చదివే ఉంటాడు. కానీ సెట్టు మీద బతికేవాడికి ఆ నల్లగుడ్డ రోజూ కనిపించేదే, అందులో వింతేముంది? పబ్లిషరు ఏనాడూ సెట్టు చూడలేదు. ఆయనకి అది వర్ణన. తప్పు పట్టగలిగే మనిషి ఈ లోకంలో ఒక్కరే. ఆమె కోసమే కోడలు రాసిందో, లేక దొరికిన ఏకైక దారి అదేనో, అడిగే వ్యవధి లేదు.

ఏడో ఫ్లోరే మేడత్త గదని షూటింగు వాళ్లు అనగా విన్నానని పబ్లిషరు నీళ్లు నములుతూ చెప్పాడు. నెలలో మొదటి వారం తప్ప మూసే ఉంటుందట.

పన్నెండూ ఇరవైకి బయల్దేరారు. పద్దెనిమిదో అధ్యాయం వేయడానికి ఒంటిగంట తర్వాత ఎవరో ఒకరు ఆ పెట్టె దగ్గరికి వస్తారు, కానిస్టేబుల్ని ఇక్కడ ఉంచమని డిటెక్టివ్ పట్టుబట్టింది. ఇన్‌స్పెక్టరు మొదట సరేనన్నాడు, జీపు దగ్గరికి వచ్చాక మాట మార్చాడు. ఉన్నది ఒక్క కానిస్టేబులు, తాళం పగలగొట్టాల్సి వస్తే మనిషి కావాలి, పైగా జీపు నడిపేది అతనే. పబ్లిషరు పై కిటికీలోంచి పెట్టె మీద కన్నేసి ఉంచితే చాలదా? పబ్లిషరు గట్టిగా తలూపాడు. ఆమె మరిదితో వాదించి రెండు నిమిషాలు పోగొట్టింది. ఇంకో రెండు పోగొట్టే ధైర్యం లేక జీపెక్కింది. పెద్దావిడని మాత్రం పబ్లిషరు గదిలోంచి కదలొద్దని మరీ మరీ చెప్పింది.

ఒంటిగంటా అయిదుకి గేటు దగ్గర ఆగారు. ఏడో ఫ్లోరుకి రెండు తాళంచెవులు, ఒకటి ఆఫీసులో, రెండోది సెట్టు దుమ్ము దులిపించే బాధ్యత ఉన్నాయన దగ్గర అని చెప్పాడు వాచ్‌మన్. దులిపించేది ఎవరని అడిగేలోగా ఇన్‌స్పెక్టరు ఆఫీసు తాళంచెవి తెమ్మని అతన్ని అరుస్తూ తరిమాడు. అది రావడానికి పది నిమిషాలు పట్టింది.

లోపల చీకటి. గోడలకి చప్పుడు బయటికి పోకుండా మందపాటి పరుపులు అంటించారు. ఇందులో అరిచినా వీధిలోకి వినపడదు. ముందు నల్లగుడ్డ తగిలింది. డిటెక్టివ్ గుడ్డ అంచు ఎత్తి లోపలివైపు టార్చి వేసింది. గుడ్డకి లోపలివైపున ఏడు అంకె, దాని ముందు స్టూలు. స్టూలు కాళ్ల దగ్గర రెండు పళ్లాలు, ఒకటి కడిగింది, ఒకటి కడగంది. ఇద్దరు తిన్నారు. పైన, పాతిక అడుగుల ఎత్తున, లైట్లు కట్టే చెక్క తాళ్ల మీద వేలాడుతోంది. ఇన్‌స్పెక్టరు తలెత్తి దాన్ని చూశాడు. రెండేళ్ల కిందట ఇక్కడే నిలబడి సంతకం పెట్టాడు. ఈసారి ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

గుడ్డ పూర్తిగా పక్కకి తొలగించారు.

మేడత్త గది. కుర్చీకి ఎడంపక్క కిటికీలో గుడ్డ మీద వేసిన ఆకాశం. కుడిపక్క బీరువాలో చెక్క మీద రంగుతో గీసిన పుస్తకాలు. మధ్యన టేబుల్ ల్యాంపు వెలుగులో ఒక మనిషి తల వంచుకుని రాస్తోంది. ఎడమ కాలికి గొలుసు, దాని రెండో కొస గోడ వెనక ఇనప గొట్టానికి.

“పందొమ్మిదోది ఇంకా మొదటి పేజీలోనే ఉన్నాను,” అంది ఆమె తలెత్తకుండా. “తొందరపెడితే బాగా రాదు.”

డిటెక్టివ్ తామెవరో చెప్పింది. కోడలు కలం కింద పెట్టింది. చాలాసేపు ముగ్గురినీ ఒకరి తర్వాత ఒకరిని చూసింది, వీళ్లని తనే రాసిందేమో అని అనుమానపడుతున్నట్టు. తర్వాత అడిగిన మొదటి మాట, “మా అత్తయ్య మాత్రలు వేసుకుంటున్నారా?”

వేసుకుంటోందనీ, నల్లగుడ్డని పట్టుకున్నది ఆవిడేననీ చెప్పారు.

“అయితే నేనే రాస్తున్నానని ఆవిడకి చెప్పేశారా?” కోడలి మొహంలో అప్పుడు కనిపించింది అసలైన భయం.

కానిస్టేబులు గొలుసుతో కుస్తీ పడుతుండగా ఆమె జరిగింది చెప్పింది. ఇరవై అధ్యాయాలు అయ్యేదాకా బతకనిస్తానన్నాడట. ఈసారి నవల ఇరవై నాలుగని నమ్మించింది. విలన్‌ని అనవసరంగా ఇంకో ఊరు పంపించింది, వాడికి ఒక తోడల్లుణ్ని కూడా కల్పించింది. విషయం లేకుండా ఎలా సాగదీయాలో సీరియలు చూసి నేర్చుకున్నానంది. చెప్తూ నవ్వబోయింది కానీ పెదవులు మాట వినలేదు.

“ఎవరు?” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“ఆ స్టూలు మీద కూర్చునేది ఎవరండీ? ప్రాంప్టరు. తొమ్మిదేళ్లుగా మేడత్తకి మాటలందించేది ఆయనే. లైటు మేస్త్రీని ఎందుకు చంపాడో ఇంకా చెప్పలేదు. తర్వాతి అధ్యాయానికి చెప్తానన్నాడు. ఇందాకే పద్దెనిమిదోది పెట్టెలో వేసొస్తానని వెళ్లాడు. పన్నెండున్నర అయ్యుంటుంది.”

డిటెక్టివ్ గడియారం చూసింది. ఒకటీ ఇరవై అయిదు. ప్రెస్సు ఫోను నంబరు నొక్కింది. అటువైపు నాలుగుసార్లు మోగాక ఎత్తారు.

“హలో, మేడత్తగారి ఆఫీసండీ,” అంది పెద్దావిడ.

పబ్లిషరుగారు ఏరని డిటెక్టివ్ అడిగింది. ఒంటిగంట కొట్టగానే భోజనానికి వెళ్లిపోయాడట, మందులు వేళకి పడాలట. పెట్టె చూడమని ఈవిడకే అప్పజెప్పి వెళ్లాడు.

“మీరొక్కరే ఉన్నారా అక్కడ?”

“ఒక్కదాన్నే ఎందుకుంటానమ్మా. కవరు పెట్టెలో వేస్తుంటే కిటికీలోంచి నేనే కేకేశాను, పైకి రండి బాబూ అని. షూటింగులో మేడత్తకి మాటలందించేది ఆయనేనట. ఎంత మర్యాదస్తుడో. మేడత్త నా కోడలేనని చెప్తే మొదట నమ్మినట్టు లేరు. నువ్వూ ఇన్‌స్పెక్టరుగారూ ఏడో నంబరుకి వెళ్లారని, ఇప్పుడే తీసుకొచ్చేస్తారని చెప్పాను. వీధి రొద ఎక్కువగా ఉందని పాపం ఆయనే లేచి తలుపు గడియ పెట్టారు. ఉండు, నీతో మాట్లాడతారట.”

ఫోను చేతులు మారిన చప్పుడు. తర్వాత గొంతు. గట్టిగా లేదు, కోపంగా లేదు. పది అడుగుల దూరంలో ఉన్న ఒక్క మనిషికి మాత్రమే వినపడేలా మాట్లాడటం తొమ్మిదేళ్లు సాధన చేసిన గొంతు.

“మీ పక్కన ఇన్‌స్పెక్టరు ఉన్నాడు. కంగారుపడకండి. నేను అందిస్తాను, మీరు అనండి. ‘అంతా బాగానే ఉందట.’ ఊఁ.”

“అంతా బాగానే ఉందట,” అంది డిటెక్టివ్.

“‘మనం తొందరపడక్కర్లేదు.’ చిన్న నవ్వు ఉండాలి.”

“మనం తొందరపడక్కర్లేదు,” అంది ఆమె, నవ్వి.

ఇన్‌స్పెక్టరు నిట్టూర్చి టోపీ మళ్లీ పెట్టుకున్నాడు. కోడలు మాత్రం డిటెక్టివ్ పెదవుల వైపే చూస్తోంది. ఒక్కో మాటకి ముందు అవి ఎంతసేపు ఆగుతున్నాయో చూసింది. నాలుగు రోజులు ఆ గొంతు ఎదుటే బతికిన మనిషి. గొలుసు ఇంకా ఊడకముందే, చప్పుడు కాకుండా, కుర్చీలోంచి లేచి నిలబడింది.